చదువుకుంటూ పనిచేయడం

పాఠశాలలో గాని, కళాశాలలో గాని చదువుతున్న విద్యార్థి అదే కాలంలో కూలికో జీతానికో పనికి కుదరడాన్ని చదువుకుంటూ పనిచేయడం అంటారు. స్వావలంబన, సమయపాలన, డబ్బు విలువ దీనివల్ల అలవడతాయని కొందరు సమర్థిస్తారు. నిద్ర, హాజరు, ఇంటిచదువు దెబ్బతింటాయని మరికొందరు వ్యతిరేకిస్తారు. పత్తిచేలో పన్నెండేళ్ళ బాలిక చేసే పనినీ, విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఇరవై రెండేళ్ళ యువకుడు చేసే పనినీ ఒకే ప్రశ్న కింద చేర్చడంవల్ల ఈ వాదం తెగకుండా సాగుతున్నది.

చరిత్ర

తెలుగునాట పూర్వం పేద విద్యార్థులు కొందరు "వారాలు" చేసుకొని చదువుకునేవారు. వారంలో ఒక్కొక్క రోజు ఒక్కొక్క ఇంట భోజనం చేయడం ఈ పద్ధతి. ఇది ఉద్యోగం కాదు. అయినా కొన్ని ఇళ్ళలో నీళ్ళు తోడడం, బజారు పనులు చేయడం వారాలబ్బాయి వంతుకు వచ్చేవి. ఈ ఆచారం ప్రధానంగా బ్రాహ్మణ కుటుంబాలలో నడిచింది గనుక తక్కిన కులాల పేదపిల్లలకు అక్కరకు రాలేదు.

మహారాష్ట్రలో కర్మవీర్ భావూరావ్ పాటిల్ 1919లో స్థాపించిన రయత్ శిక్షణ్ సంస్థ, విద్యార్థులు శ్రమచేసి తమ చదువు ఖర్చు తామే సంపాదించుకొనే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది. 1937లో వార్ధా విద్యా సదస్సులో గాంధీజీ ప్రతిపాదించిన నయీ తాలీమ్‌లో చేతివృత్తి బోధనకు కేంద్రం. పిల్లలు తయారుచేసిన వస్తువుల అమ్మకంతో బడి ఖర్చు కొంతవరకైనా గడవాలని ఆయన ఆశించాడు. బడి కార్ఖానాగా మారిపోతుందని విమర్శకులు అప్పుడే హెచ్చరించారు. మాజీ రాష్ట్రపతి అబ్దుల్ కలాం రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, బాలుడిగా ఉండగా, రామేశ్వరంలో వార్తాపత్రికల పంపిణీలో సాయపడి తొలి సంపాదన అందుకున్నాడు. చదువుకుంటూ పనిచేయడాన్ని మెచ్చుకునేవారు ఈ ఉదాహరణనే తరచు చెబుతారు. అయితే అది ఉదయం బడి వేళకు ముందే ముగిసే పని. అది ఆయన బడి వేళలను హరించలేదు.

భారతదేశంలో చట్టం

రాజ్యాంగం 24వ అధికరణం పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను కర్మాగారాలలో, గనులలో, ప్రమాదకరమైన పనులలో నియమించడాన్ని నిషేధించింది. 1986 నాటి బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించి, ఈ వయస్సు వారికి అన్ని పనులలోనూ నియామకాన్ని నిషేధించారు. పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ళ వారిని ప్రమాదకరమైన పనులలో పెట్టరాదు. ఈ సవరణలో ఒక ముఖ్యమైన మినహాయింపు ఉంది. బడి వేళలు ముగిశాక గాని, సెలవులలో గాని పిల్లలు కుటుంబపు పనిలో సాయపడవచ్చు. 2017 నిబంధనల ప్రకారం ఈ సాయం రోజుకు మూడు గంటలకు మించరాదు. రాత్రి 7 నుంచి ఉదయం 8 వరకు చేయించరాదు. విద్యార్థి వరుసగా ముప్పై రోజులు కారణం తెలియజేయకుండా బడికి రాకపోతే ప్రధానోపాధ్యాయుడు అధికారికి తెలియజేయాలి.

కాగితం మీద ఇది చక్కని ఏర్పాటే. సొంత చేలో గంటలు లెక్కపెట్టేవారు మాత్రం ఎవరూ ఉండరు. వారానికి రెండు మూడు రోజులు పనికి పోయి, మిగిలిన రోజులు బడికి వచ్చే బాలిక ఏనాటికీ వరుసగా ముప్పై రోజులు గైరుహాజరు కాదు. హాజరుపట్టీలో ఆమె పేరు భద్రంగా ఉంటుంది, పాఠాలు మాత్రం సగం పోతాయి.

పత్తి విత్తనాల చేలు

కర్నూలు, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో సంకర పత్తి విత్తనాల సాగు ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. విత్తనం తయారు కావాలంటే పువ్వులోని పుప్పొడి తిత్తులను ముందురోజు చేతితో తొలగించి, మరునాటి ఉదయం వేరొక మొక్క పుప్పొడిని కీలాగ్రానికి అద్దాలి. పూత ఉన్నన్నాళ్ళూ, అంటే కొన్ని నెలలపాటు, ప్రతిరోజూ ఈ పని తప్పదు. 1990లలోనూ 2000 తరువాత కొన్నేళ్ళూ ఈ పనిలో ఎక్కువగా ఉన్నది బాలికలే. తల్లిదండ్రులకు ముందుగా బయానా ఇచ్చి పిల్లలను కుదుర్చుకొనేవారు. చేతులు చిన్నవి, వేళ్ళు సున్నితమైనవి అని చెప్పే కారణం కంటే, వారికిచ్చే కూలి తక్కువ కావడమే అసలు కారణం. పూత కాలం బడి సంవత్సరం నడుమనే వస్తుంది గనుక, ఆ బాలిక తిరిగి తరగతికి వచ్చేసరికి పాఠాలు చాలా దూరం వెళ్ళిపోయి ఉంటాయి.

రంగారెడ్డి జిల్లాలో 1991 నుంచి బాలకార్మికుల సమస్యపై పనిచేసిన ఎం.వి. ఫౌండేషన్, బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలే అన్న సూత్రాన్ని పాటించింది. ఇంటిపని, చెల్లెలిని ఎత్తుకోవడం, పశువులు కాయడం కూడా దాని లెక్కలో పనే. ఈ సంస్థకు నాయకత్వం వహించిన శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసేసే పురస్కారం లభించింది.

ఇతర దేశాలలో

అమెరికాలో 1938 నాటి చట్టం కింద పద్నాలుగు, పదిహేనేళ్ళ వారు బడి ఉన్న రోజున మూడు గంటలు, బడి ఉన్న వారంలో పద్దెనిమిది గంటలు మించి పనిచేయరాదు. వ్యవసాయానికి నియమాలు సడలింపుగా ఉన్నాయి. అక్కడి పరిశోధకులు గ్రీన్‌బెర్గర్, స్టైన్‌బెర్గ్ 1986లో ప్రచురించిన గ్రంథంలో, చదువుకునే రోజులలో ఎక్కువ గంటలు పనిచేసే కౌమార విద్యార్థులకు మేలు కంటే కీడే ఎక్కువని వాదించారు. చదువుపై ముందే ఆసక్తి తగ్గినవారే ఎక్కువ గంటలు పనికి పోతారు కాబట్టి కారణమేదో ఫలితమేదో తేల్చడం కష్టమని తరువాతివారు అభ్యంతరం చెప్పారు.

ఉన్నత విద్యకై అమెరికా వెళ్ళే తెలుగు విద్యార్థులకు ఈ విషయం మరొక రూపంలో ఎదురవుతుంది. ఎఫ్-1 వీసాపై ఉన్నవారు చదువు సాగే రోజులలో విశ్వవిద్యాలయ ఆవరణలో వారానికి ఇరవై గంటల వరకే పనిచేయవచ్చు. అనుమతి లేకుండా బయట పనిచేస్తే వీసా హోదా పోతుంది. ఇంటి వద్ద చదువుకై చేసిన అప్పుకు వడ్డీ పెరుగుతున్నప్పుడు ఈ ఇరవై గంటలు చాలవనే భావన కలగడం సహజమే. కాని పట్టుబడితే అప్పూ మిగులుతుంది, చదువూ పోతుంది.

పని మానలేనివారికి

పనిలో ఉన్నవారికి చదువును దగ్గర చేసే ప్రయత్నాలూ జరిగాయి. హైదరాబాదులో 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. తరువాత దీనికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. ఇంటర్మీడియట్ చదవనివారికి కూడా అర్హత పరీక్ష ద్వారా డిగ్రీలో ప్రవేశం కల్పించడం దీని ప్రత్యేకతగా ఉండేది. బడి మధ్యలో మానినవారు పదవ తరగతి పూర్తి చేయడానికి సార్వత్రిక పాఠశాలలు ఉన్నాయి.