వీధి అరుగు మీది బడి

విత్తనాల మాట, ఎరువుల మాట ఈ పూటకు పక్కన పెట్టి, మన పల్లెల్లో ఒంటిగది బడి ఎట్లా నడిచిందో, దాన్ని ఎవరు పోషించినారో చెప్పుకొందాము. సేద్యానికీ దీనికీ ఏం సంబంధమని అడుగుతారేమో! కల్లంలో గింజ కొలిచేటప్పుడు లెక్క ఎవనికి వస్తే వాని మాటే చెల్లుతుంది గదా.

తొండూరు, పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతమంతా 1800లో నిజాం చేతి నుండి కుంఫిణీ చేతికి వచ్చిన దత్తమండలాల్లోనిది. 1807 వరకు ఇక్కడ ప్రధాన కలెక్టరుగా ఉండిన థామస్ మన్రో, తరువాత మద్రాసు గవర్నరై, ఏ జిల్లాలో బడులెన్ని, పిల్లలెందరు అని 1822 జూన్‌లో కలెక్టర్లందరినీ లెక్క అడిగినాడు. కడప జిల్లాలో 494 బడులు తేలినవి. చదివేవారు ఆరువేలకు లోపే. అంటే బడికి సగటున పన్నెండు మంది. పొరుగున బళ్లారి జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. అనంతపురం ప్రాంతం కూడా అప్పుడు బళ్లారి జిల్లాలోనే ఉండేది.

ఆ బడికి వేరే కట్టడమంటూ లేదు. ఒక ఇంటి వీధి అరుగో, గుడి మండపమో, చావడిలో ఒక మూలో! అందుకే వీధి బడి అన్నారు. ఒక్కడే అయ్యవారు, ఐదేండ్ల పసివాడూ, పన్నెండేండ్ల వాడూ ఒకే చోట కూర్చొనేవారు. బళ్లారి కలెక్టరు క్యాంబెల్ 1823లో పంపిన నివేదిక చదివితే బడి కండ్లకు కట్టినట్లుంటుంది. తెల్లవారి ఆరు గంటలకే బడి మొదలు. అందరికన్నా ముందు వచ్చిన పిల్లవాని అరచేతిలో సరస్వతి పేరు వ్రాసేవారు. రెండవవానికి సున్న. మూడవవాని నుండి బెత్తం దెబ్బలు - ఒకటి, రెండు, మూడు, ఇట్లా ఆలస్యం కొద్దీ పెరిగేవి! ఇక కోదండం వంటి శిక్షల సంగతి ముసలివారిని అడిగితే చెప్తారు. ఆ శిక్షలను నేను మెచ్చను.

కాని నేర్పే పద్ధతిలో మాత్రం తెలివి ఉన్నది. మొదట ఇసుకలో వేలితో అక్షరం దిద్దాలి. పలకకు, కాగితానికి దమ్మిడీ ఖర్చు లేదు. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పేవారు. వారిపై అయ్యవారి కన్ను. మద్రాసులో అనాథ బాలుర ఆశ్రమం నడిపిన ఆండ్రూ బెల్ అనే ఆయన ఈ దేశపు పిల్లలు ఇసుకలో వ్రాసుకోవడం చూసి, తన బడిలో పెట్టి, 1797లో దాని మీద పుస్తకం అచ్చు వేయించినాడు. అది ఇంగ్లండులో 'మద్రాసు పద్ధతి' అనే పేరుతో వ్యాపించినది. మన అరుగు మీది చదువు అంతదూరం పోయిందన్న మాట!

పద్యాలు కంఠతా పట్టడం మాత్రం ఎక్కువ, అర్థం తక్కువ. ఈ లోపాన్ని క్యాంబెల్ కూడా ఎత్తి చూపినాడు. రైతుబిడ్డకు పనికివచ్చింది ఎక్కాలు. వీసం, పాతిక, అర అనే భిన్నాలు నోటికి రావాలి. నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. ఈ లెక్క రానివాడు షావుకారు వ్రాసిన పత్రం మీద వేలిముద్ర వేసి, అందులో ఏమున్నదో తెలియక ఇంటికి వచ్చేవాడు.

అయ్యవారికి సర్కారు జీతం లేదు. నెలకు పిల్లవానికి నాలుగు అణాల నుండి ఎనిమిది అణాల దాకా. అంతా కలిపితే ఆరేడు రూపాయలకు మించదని మన్రోయే 1826లో వ్రాసినాడు. డబ్బు లేనిచోట గింజలు. దసరాకు పిల్లలు ఇంటింటికీ తిరిగి తెచ్చే మామూలు. పంట పండితే బడి, ఎండితే లేదు. అంతకన్నా పెద్ద దెబ్బ మగ్గానికి తగిలినది. సీమ గుడ్డ వచ్చి నేతపనివారి రాబడి పడిపోయిందనీ, బిడ్డకు కాస్త బలం రాగానే పనికి పంపుతున్నారనీ, వెనుక బడులున్న ఎన్నో ఊళ్లలో ఇప్పుడు లేవనీ క్యాంబెల్ తన పైవారికే వ్రాసినాడు. కుంఫిణీ కొలువులో ఉండి ఆ మాట వ్రాయడం చిన్న సంగతి కాదు.

ఆ బడిని మరీ పొగడరాదు. బళ్లారి లెక్కలో 6,641 మందికి ఆడపిల్లలు 60 మందే. మాలమాదిగల బిడ్డలకు అగ్రవర్ణాల అరుగు ఎక్కే దారి సాధారణంగా లేదు. 1822లో కడపకు వచ్చిన లండన్ మిషన్ వారు తరువాత పాలేల్లో ఒంటిగది బడులు పెట్టినారు. ఆదివారం ప్రార్థన, తక్కిన రోజుల్లో చదువు ఆ గదిలోనే.

మన్రో తాలూకాకు ఒకటి చొప్పున తహశీల్దారీ బడులు పెట్టించబోయినాడు. 1827లో పత్తికొండలో కలరాతో పోయినాడు. 1836లో ఆ బడులనూ ఎత్తివేసినారు. పల్లె బడిని మాత్రం పల్లెవారే గింజలు పోసి నిలిపినారు. తరువాత గ్రాంట్లు, తాలూకా బోర్డులు, 1920 నాటి మద్రాసు ప్రాథమిక విద్యా చట్టం వచ్చినవి. 1959లో బడులు పంచాయతీ సమితుల క్రిందికి పోయినవి. అయినా ఒక గది, ఒక పంతులు అనే తీరు చాలా ఊళ్లలో మారలేదు. ప్రతి ప్రాథమిక బడికి కనీసం రెండు గదులు, ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలనే పథకం 1987లో గాని రాలేదు.

అమెరికా పల్లెల్లోనూ పూర్వం ఒంటిగది బడులే. అక్కడ పెద్దపిల్లలు పొలం పని లేని చలికాలంలోనే బడికి వచ్చేవారు. మన దగ్గర బడి వేళలను సేద్యాన్ని బట్టి సర్దినది తక్కువ. పిల్లవాడే బడి మానినాడు. వేరుశనగ పీకే వేళ, శనగ కోతల వేళ మీ ఊరి బడిలో హాజరు పట్టీ ఒకసారి తిరగేసి చూడండి. కూలీల కొరత ఎక్కడ తీరుతున్నదో అందులోనే తెలుస్తుంది.