సమన్వయ కమిటీలో ఒక స్త్రీ

పోయిన దసరాకి నల్గొండ వెళ్ళినప్పుడు అమ్మ తన పద్దు పుస్తకాలన్నీ నా ముందు పెట్టి, "ఇగ నువ్వే చూస్కో" అంది. ఎనిమిది పుస్తకాలు. 1996 నుంచీ ఉన్నాయి. పాలు, బియ్యం, చీటీ పైసల మధ్య వేరే రకం పద్దులు కనిపించాయి. "సర్టిఫికెట్టు, బోర్డు, మంగళవారం." "బూట్లు బిగువైనయి, హైద్రాబాదు." "పాసు, రెండు ఫోటోలు, ఆయన సంతకం." అన్నీ మా చెల్లెలి పనులే. తనకి సెరిబ్రల్ పాల్సీ. నడక మెల్లగా సాగుతుంది, మాట ఇంకా మెల్లగా వస్తుంది.

నేను డాక్టరేట్ చేసింది స్త్రీల ఆత్మకథల మీద. స్త్రీలు రాసుకున్న కాగితం ముక్క ఎక్కడున్నా వెతికి పట్టుకుంటానని కాస్త గర్వం కూడా ఉండేది. మా ఇంటి అటక మీదున్న ఈ పుస్తకాలు మాత్రం నాకెప్పుడూ ఆధారాలుగా కనిపించలేదు.

మొదటి పుస్తకం మొదలైన ఏడాదే, 1996 ఫిబ్రవరి 7న, వికలాంగుల చట్టం అమల్లోకి వచ్చింది. 1995 చట్టం అనేది దీన్నే. (2015 చివర్నుంచి ప్రభుత్వం "దివ్యాంగులు" అంటోంది. మా చెల్లెలికి ఆ మాట వింటే నవ్వొస్తుంది. హక్కుల కోసం కొట్లాడినవాళ్ళ మాట వికలాంగులు, నేను అదే వాడతాను.) ఈ చట్టంలో నిర్వచనాలు అయిపోగానే వచ్చే రెండో అధ్యాయం కేంద్ర సమన్వయ కమిటీ గురించి, మూడోది రాష్ట్ర సమన్వయ కమిటీ గురించి. చదువు ఒక శాఖలో, వైద్యం ఇంకో శాఖలో, రైళ్ళు మరో శాఖలో ఉంటే వికలాంగుల బతుకు వాటి మధ్య నలిగిపోతుందని చట్టం రాసినవాళ్ళకి తెలుసన్నమాట. కేంద్ర కమిటీకి మంత్రి అధ్యక్షుడు, శాఖల కార్యదర్శులు సభ్యులు. స్వచ్ఛంద సంస్థలు, సంఘాల తరఫున వీలైనంతవరకు ఐదుగురు వికలాంగులు ఉండాలి. ఆ ఐదుగురిలో కనీసం ఒక స్త్రీ ఉండాలని కూడా రాశారు. కమిటీ కనీసం ఆర్నెల్లకోసారి సమావేశం కావాలి.

అమ్మ పద్దుల్లో ఆ సమావేశం వారం వారం జరిగింది. వైద్యుల బోర్డు వైకల్యాన్ని శాతాల్లో కొలుస్తుంది. 40 శాతం దాటితేనే పింఛను మాట. బస్సు పాసుకి ఆ సర్టిఫికెట్ నకలు కావాలి. రైల్లో రాయితీకి రైల్వేవాళ్ళ ఫారం వేరు, దాని మీద ప్రభుత్వ డాక్టరు సంతకం మళ్ళీ వేరు. పిల్ల ఎదిగిన ప్రతిసారీ కాలిపర్ బూట్లు మార్చాలి. వాటి కొలతలకి వెళ్ళిన రోజు బడి పోతుంది, బడి పోతే హాజరు తగ్గుతుంది. 2010 ప్రాంతంలో సదరం క్యాంపులొచ్చాక పాత సర్టిఫికెట్లు పక్కనపెట్టి కొత్తవి తీసుకోవాల్సి వచ్చింది. పుట్టుకతో వచ్చిన వైకల్యాన్ని ఇన్నిసార్లు రుజువు చేసుకోవడం ఏమిటని అమ్మ ఎక్కడా రాయలేదు. "క్యాంపు, పొద్దున ఆరుకు, అన్నం కట్టుకపోవాలె" అని రాసుకుంది. నాన్న మంచివాడే. అడిగిన చోట సంతకం పెట్టేవాడు. ఏ కాగితం మీద ఎందుకు పెడుతున్నాడో ఆయనకి తెలియదు.

జాతీయ గణాంక కార్యాలయం 2019లో చేసిన కాలవినియోగ సర్వేలో, ఇంట్లోవాళ్ళ సంరక్షణ పని చేసిన స్త్రీలు రోజుకి సగటున 134 నిమిషాలు, పురుషులు 76 నిమిషాలు దానికి వెచ్చించారని తేలింది. ఆఫీసు వరండాలో బల్ల మీద కూర్చున్న గంటలు ఇందులోకి వస్తాయా? సర్వే మనిషి అడిగితే అమ్మ "ఊకెనే పోయొచ్చిన" అని ఉండేది. ఇంటి చాకిరీ గురించి మనం చాలా రాసుకున్నాం. వంట, అంట్లు, పిల్లలు... ఈ తిరుగుడుకి మాత్రం మన దగ్గర కూడా పేరు లేదు. 2016 చట్టం సంరక్షకుల్ని నిర్వచిస్తూ జీతం తీసుకునేవాళ్ళతో పాటు జీతం లేని తల్లిదండ్రుల్ని, బంధువుల్ని కూడా చేర్చింది. కేరళలో "ఆశ్వాసకిరణం" కింద మంచం పట్టినవాళ్ళని చూసుకునే మనుషులకి నెలకి 600 రూపాయలుగా ఏళ్ళతరబడి సాగింది. చాలా తక్కువే, కానీ అది పని అని ఒప్పుకున్నట్టే కదా. ఇంతకీ ఆ 2016 చట్టంలో సమన్వయ కమిటీలు లేవు. వాటి స్థానంలో సలహా బోర్డులు వచ్చాయి.

ఈ పని ఒంటరి తల్లి మీదే పడనక్కర్లేదని చూపించిన ప్రయత్నం మన దగ్గరే జరిగింది. 2000 తర్వాత వెలుగు, ఇందిరా క్రాంతి పథం కార్యక్రమాల్లో భాగంగా పల్లెల్లో వికలాంగుల సంఘాలు, వాటి మీద మండల సమాఖ్యలు ఏర్పడ్డాయి. పదిమంది కలిసి ఆఫీసుకి వెళ్తే "రేపు రా" అనడం అంత తేలిక కాదు. మాది టౌను కాబట్టి అమ్మకి అలాంటి తోడు దొరకలేదు.

ఇక్కడిదాకా రాసి, అమ్మ కష్టం గురించి మంచి వ్యాసం అయ్యిందనుకున్నాను. చెల్లెలికి చదివి వినిపించాను. తను చాలాసేపు తీసుకుని అడిగింది: "ఇండ్ల నన్ను ఎవరన్న ఏమన్న అడిగిన్రా అక్కా?"

2004 పుస్తకంలో ఒక పద్దుంది: "బడి మానిపించినం." అప్పుడు చెల్లెలికి పదమూడేళ్ళు. కొత్తగా పెద్దమనిషి అయింది. బడి బాత్రూం గడప తను దాటలేదు. నెలసరి రోజుల్లో అమ్మ బడి దగ్గరే ఉండాలన్నారు. ఆ ఏడాదే నన్ను హైద్రాబాదులో హాస్టల్లో చేర్చారు. రెండు పద్దులూ ఎదురెదురు పేజీల్లో ఉన్నాయి. నా డాక్టరేట్ ఆ ఎదురు పేజీలోంచే మొదలైందని నాకిప్పుడు తెలుసు.

1994లో పుణె దగ్గర శిరూర్‌లోని ప్రభుత్వ హోంలో ఉన్న మేధో వైకల్యం గల స్త్రీలకి, నెలసరి శుభ్రత కష్టమవుతోందంటూ గర్భసంచులు తీసేశారు. మహిళా సంఘాలు నిలదీశాయి. ఆ ఘటన గురించి నేను క్లాసులో పాఠం కూడా చెప్పాను. ఆసుపత్రి, సంక్షేమ శాఖ, హోం అన్నీ చక్కగా కలిసి పనిచేసిన సందర్భమది. సమన్వయం పూర్తిగా కుదిరింది, ఆ స్త్రీలని తప్ప. 2009లో సుప్రీంకోర్టు, చండీగఢ్ ప్రభుత్వ హోంలో అత్యాచారానికి గురై గర్భవతి అయిన యువతి కేసులో, ఆమెకి స్వల్ప మేధో వైకల్యం ఉన్నా సరే, ఆమె సమ్మతి లేకుండా గర్భస్రావం చేయించకూడదని చెప్పింది. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం, "మేం పోయాక ఎవరు?" అన్న తల్లిదండ్రుల దిగులుకి జవాబుగా, జిల్లా స్థాయి కమిటీ ద్వారా సంరక్షకుల్ని నియమించే దారి చూపింది. 2016 చట్టం, సంరక్షకులు ఆ మనిషితో కలిసే నిర్ణయించాలంటుంది. ఈ రెండు చట్టాలూ ఇప్పుడు పక్కపక్కనే అమల్లో ఉన్నాయి.

అమ్మని తప్పుపట్టడం నాకు చేతకావడం లేదు. చెల్లెలు మాత్రం తప్పుపడుతుంది, మళ్ళీ అమ్మ కాళ్ళకి నూనె రాస్తుంది కూడా.

పుస్తకాలు నాకెందుకిచ్చిందని చెల్లెలికి కోపం. తనకి కావలసింది వేరే. బ్యాంకులో, పింఛనులో, వైకల్య గుర్తింపు కార్డులో ఉన్నది అమ్మ ఫోన్ నెంబరు. అది మార్చి తన నెంబరు పెట్టాలంటుంది. ఓటీపీ చదివి కొట్టేలోపు టైము అయిపోతుందేమో, నా నెంబరు పెడదామన్నాను. "అయిపోతే మళ్ళ పంపుతరు" అంది.

మూడు చోట్ల మూడు దరఖాస్తులు. రెండు ఇచ్చి వచ్చాం. మూడోదానికి కొత్త ఫోటో కావాలన్నారు.