తీరరక్షణ ఖర్చు ఎవరి పద్దులో? బందరు కోట నుంచి గుల్లలమోద దాకా ఒక పరిశీలన

1753లో నిజాం సలాబత్ జంగ్ కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరం, చికాకోలు సర్కార్ల రాబడిని ఫ్రెంచివారికి రాసిచ్చాడు. తనను కాపాడుతున్న ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యానికి జీతాలివ్వలేక చేసిన ఏర్పాటది. బందరు (మచిలీపట్నం) అప్పటికే ఫ్రెంచివారి చేతిలో ఉంది. కృష్ణా ముఖద్వారం మీద నిజాం పట్టు సడలింది యుద్ధంలో కాదు, ఈ రాబడి అప్పగింతలోనే అని నా వాదన.

తర్వాతి కథ త్వరగా నడిచింది. 1758లో ఫ్రెంచి సేనాధిపతి లాలీ బుస్సీని దక్షిణానికి పిలిపించుకోగా సర్కార్ల భారం మరో ఫ్రెంచి అధికారి కాన్‌ఫ్లాన్స్ మీద పడింది. విజయనగరం ఆనందరాజు కోరికపై ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ తరఫున క్లైవు బెంగాలు నుంచి కర్నల్ ఫోర్డును పంపాడు. ఆ డిసెంబరులో చందుర్తి దగ్గర ఓడిన ఫ్రెంచివారు బందరు కోటలో తలదాచుకున్నారు. కోట చుట్టూ చిత్తడి నేల. దాన్ని దాటి ఎవరూ రాలేరని వారి ధీమా. 1759 ఏప్రిల్ 7 రాత్రి ఫోర్డు సేనలోని నాక్స్ సిపాయిలు నైరుతిలో ఆ బురదలోంచే వచ్చి కాపలావారి దృష్టి మళ్లించారు. అసలు దాడి మరోవైపు సాగింది. ముట్టడించినవారికంటే ఎక్కువమంది సైనికులున్న కోట అలా లొంగిపోయింది. ఫ్రెంచివారికి సాయంగా వచ్చిన సలాబత్ జంగే మే 14న ఇంగ్లీషువారితో సంధి చేసుకుని మచిలీపట్నం పరిసరాలను వారికి ధారాదత్తం చేశాడు. 1611 నుంచి ఇక్కడ బట్టల వ్యాపారం చేస్తున్న కంపెనీ ఇప్పుడు శిస్తు వసూలుకు దిగింది. రెండు ఐరోపా దేశాల పోటీకి ఖర్చు పెట్టుకున్నది ఇక్కడి రైతులు.

నేటి పోటీ అమెరికా, చైనాలది. అది మచిలీపట్నానికి ముడిసరుకు రూపంలో చేరుతుంది. 1926లో ఇక్కడ పుట్టిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీని 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకుంది. ఇప్పుడది సైన్యానికి రాత్రిపూట చూపునిచ్చే పరికరాలు తయారుచేస్తోంది. వేడిని బట్టి మనిషి జాడ పట్టే కెమెరాలకు మామూలు గాజు కటకం పనికిరాదు, వేడి నుంచి వచ్చే ఆ కిరణాలు గాజును దాటవు. అందుకే జర్మేనియం వాడతారు. చిప్‌ల మీద అమెరికా ఆంక్షలు పెట్టిన మరుసటి ఏడాది, 2023 ఆగస్టు నుంచి, చైనా జర్మేనియం, గాలియం ఎగుమతులకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేసింది. అదే ఏడాది భారత్ ఈ రెండింటినీ కీలక ఖనిజాల జాబితాలో చేర్చింది. జాబితా మొదటి మెట్టు మాత్రమే. జింకు శుద్ధిలో, బొగ్గు బూడిదలో మిగిలే జర్మేనియాన్ని దేశంలోనే రాబట్టనంతకాలం పరికరం మనదైనా దాని ముడిసరుకు పరాయి గుప్పిటలోనే ఉంటుంది.

రక్షణ ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్న ఇదే తీరంలో మరోచోటా ఎదురవుతుంది. దివిసీమలోని నాగాయలంక మండలం గుల్లలమోద దగ్గర క్షిపణి పరీక్షా కేంద్రానికి 2025 మే 2న ప్రధాని శంకుస్థాపన చేశారు. బంగాళాఖాతం మీదుగా క్షిపణి సాగడానికి జనసంచారం తక్కువున్న తీరం కావాలి. ఆ ఎంపిక సరైనదేనని నా అభిప్రాయం. అయితే ఇదే తీరంలో మడ అడవులున్నాయి. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన సీమలో వాటిని నరకడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. చేపల వేటకు వెళ్లేవారూ ఉన్నారు. ఒడిశాలోని చాందీపూర్‌లో పరీక్షలప్పుడు చుట్టుపక్కలవారిని తరలించి పరిహారం ఇస్తారు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో వేట నిషేధానికి మన రాష్ట్రమూ భృతి ఇస్తోంది. పరీక్షల కోసం పడవలు ఒడ్డున ఆగే రోజులకూ అలాంటి చెల్లింపే ఉండాలి. దానికి పరీక్షా కేంద్రం బడ్జెట్‌లోనే ఒక పద్దు, తేదీలు ముందుగా తెలిపే ఒక పద్ధతి పెట్టడం తొలి పరీక్షకు ముందే జరగాల్సిన పని.