కత్తి పెట్టని చిగుళ్ల వైద్యం

1844 డిసెంబర్ 11న అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో హొరేస్ వెల్స్ అనే దంతవైద్యుడు నైట్రస్ ఆక్సైడ్ వాయువు పీల్చి కుర్చీలో కూర్చున్నాడు. నొప్పి తెలియకుండా ఆయన పన్ను పీకినవాడు జాన్ రిగ్స్. మత్తుమందు చరిత్ర రాసేవాళ్లు రిగ్స్‌ను ఆ ఒక్క పన్ను దగ్గరే వదిలేస్తారు. ఆ తర్వాత 1885లో చనిపోయేదాకా, పళ్లు పీకే అవసరమే రాకుండా చూడటానికి ఆయన చేసిన పని అంతకన్నా గొప్పదని నా నమ్మకం.

చిగుళ్లు ఉబ్బి, నొక్కితే చీము వచ్చి, చివరికి గట్టి పన్ను కూడా ఊగి రాలిపోయే జబ్బును అప్పట్లో చాలామంది ఒంట్లో దోషం కిందో, వయసు మీద పడటం కిందో జమకట్టేవారు. రిగ్స్ ఒప్పుకోలేదు. జబ్బుకు మూలం పన్ను మీదే ఉందన్నాడు. చిగురు అంచు కిందికి దిగి వేరును అంటుకున్న గారను సన్నటి పనిముట్లతో గీకి తీసి, వేరును నునుపు చేసి వదిలేస్తే చిగురు తనంతట తానే బిగుసుకుంటుందని చేసి చూపించాడు. వాచిన చిగురును కోసి పారేసే పద్ధతిని గట్టిగా వ్యతిరేకించాడు. ఆయన రాసింది తక్కువ. 1876లో అచ్చయిన ఒక వ్యాసమే ప్రధానం. అయినా అమెరికాలో ఆ జబ్బును చాలాకాలం రిగ్స్ జబ్బనే పిలిచారు. మన ఇళ్లలో పెద్దవాళ్లు పయోరియా అనేదీ దాన్నే.

గార గీకడం రిగ్స్ కనిపెట్టిన విద్యేమీ కాదు. సుశ్రుత సంహిత దంతమూలాలకు వచ్చే జబ్బులను పదిహేనుగా లెక్కించింది. చీము, నెత్తురు కారి పళ్లు కదిలే జబ్బు వాటిలో ఒకటి. పళ్లకు పట్టిన గారను చిగురుకు దెబ్బ తగలకుండా తీయాలని కూడా చెప్పింది. పదో శతాబ్దం చివరినాటికి స్పెయిన్‌లోని కొర్డోబా ప్రాంతంలో అల్ జహ్రావీ తన వైద్య గ్రంథంలో గార తీసే పనిముట్లను బొమ్మలు గీసి మరీ చూపించాడు. గార పేరుకుంటే చిగుళ్లు పాడవుతాయని ఆయనకు స్పష్టంగా తెలుసు. గార మీద ఉన్నదేమిటో చూడటానికి మాత్రం ఇంకో ఏడు వందల ఏళ్లు పట్టింది. 1683లో డెల్ఫ్ట్ నగరపు బట్టల వ్యాపారి లేవెన్‌హుక్ తన పళ్ల సందుల్లోని తెల్లటి పాచిని స్వయంగా చేసుకున్న భూతద్దం కింద పెట్టి, అందులో ఈదులాడే సూక్ష్మజీవుల గురించి లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. ఆయన రోజూ ఉప్పుతో పళ్లు రుద్దుకునే మనిషి. అయినా పాచి ఉంది. వెనిగర్‌తో పుక్కిలించి చూస్తే పైపొరలోని జీవులు మాత్రమే చచ్చాయి, లోపలివి బతికే ఉన్నాయి. పుక్కిలించే మందు పాచి లోపలికి దిగదన్న ఈ సంగతిని తర్వాతి తరాలు పట్టించుకుని ఉంటే ఎంతో మేలు జరిగేది.

పట్టించుకోలేదు. సూక్ష్మజీవ శాస్త్రవేత్త రాబర్ట్ కాఖ్ ప్రయోగశాల ప్రభావంలో పనిచేసిన విల్లబీ మిల్లర్ 1890లో నోటిలోని సూక్ష్మజీవుల మీద పెద్ద పుస్తకం తెచ్చాక, వైద్యులు నోటిని మొత్తం శరీరానికే విషపు ఊటగా చూడటం మొదలుపెట్టారు. లండన్ వైద్యుడు విలియం హంటర్ 1910లో మాంట్రియల్‌లో చేసిన ప్రసంగం ఆ భయాన్ని పెంచింది. కీళ్లనొప్పులున్నా, రక్తహీనత ఉన్నా పళ్లన్నీ పీకించుకోమనే రోజులు వచ్చాయి. ఇంకోవైపు 1914, 1915 ప్రాంతంలో ఫిలడెల్ఫియాలో బారెట్, స్మిత్, న్యూ ఆర్లియన్స్‌లో చార్లెస్ బాస్ ఈ జబ్బుకు ఒక అమీబా కారణమని భావించి, జిగట విరేచనాలకు వాడే ఎమెటిన్‌ను దీనికీ ఇచ్చారు. కొన్నేళ్లకే ఆ ఆశ ఆరిపోయింది. బాస్ మాత్రం ఆగలేదు. బ్రష్‌ను చిగురు అంచుకు 45 డిగ్రీల వాలులో పెట్టి, కుచ్చు కొసలు అంచు కిందికి దూరేలా మెల్లగా కదపాలని 1940ల చివర్లో ఆయన చెప్పిన పద్ధతినే నేటికీ దంతవైద్యులు నేర్పుతున్నారు. ఎమెటిన్‌తో ఆయన చేయలేనిది బ్రష్ చేసింది.

శతాబ్దం మధ్యనాటికి కత్తి మళ్లీ గెలిచింది. పాకెట్, అంటే చిగురుకూ పంటికీ మధ్య లోతుగా ఏర్పడిన ఖాళీ, ఎలాగైనా లేకుండా చేయాలన్నది అప్పటి సూత్రం. అందుకు చిగురును కోయడం, ఎముకను చెక్కడం మామూలైపోయాయి.

ఆ ధీమాకు మొదటి దెబ్బ డెన్మార్క్‌లోని ఆర్హుస్ నుంచి వచ్చింది. 1965లో హరాల్డ్ లో అనే పరిశోధకుడు, ఆయన సహచరులు చిగుళ్లు ఆరోగ్యంగా ఉన్న 12 మందిని పళ్లు తోముకోవడం మానేయమన్నారు. వాళ్లలో ఎక్కువమంది దంతవైద్య విద్యార్థులే. పది రోజుల నుంచి మూడు వారాల్లోపు అందరి చిగుళ్లూ వాచాయి. మళ్లీ తోముకోగానే వారం పది రోజుల్లో వాపు తగ్గిపోయింది. పాచి వల్లే చిగురు వాస్తుందనీ, పాచి పోతే వాపు పోతుందనీ ఇంత సూటిగా నిరూపించిన ప్రయోగం మరొకటి లేదు.

చిగురు వాపు దాటి ఎముక కరిగేదాకా వెళ్లేది ఎవరికి? దీని జవాబు కోసం అదే హరాల్డ్ లో బృందం 1970 నుంచి 1985 దాకా శ్రీలంక తేయాకు తోటల్లో 480 మంది కూలీలను గమనించింది. వాళ్లకు బ్రష్ లేదు, దంతవైద్యం లేదు. అందరి నోళ్లలోనూ పాచి, గార, వాచిన చిగుళ్లే. అయినా 8 శాతం మందికి జబ్బు శరవేగంగా ముదిరింది, 81 శాతం మందికి నెమ్మదిగా సాగింది, 11 శాతం మందికి చిగురు వాపు దగ్గరే ఆగిపోయింది. వైద్యం అందని ఆ మనుషుల నోళ్ల నుంచే ప్రపంచం ఈ పాఠం నేర్చుకుందన్నది నన్ను బాధపెట్టే విషయం. ఒకే పాచి ఒక్కో ఒంట్లో ఒక్కోలా పనిచేస్తుందని, పాచిని చూసినంత మాత్రాన జబ్బు ఎటు పోతుందో చెప్పలేమని అక్కడే తేలింది.

అందుకే రోగనిర్ధారణలో అద్దం కన్నా కొలబద్ద ముఖ్యమైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్వేల కోసం తెచ్చిన ప్రోబ్ అనే సన్నటి కడ్డీ కొసన అర మిల్లీమీటరు గుండు ఉంటుంది. 3.5 నుంచి 5.5 మిల్లీమీటర్ల మధ్య నల్ల పట్టీ ఉంటుంది. దాన్ని చిగురు కింద మెల్లగా దించుతారు. పట్టీ మొత్తం పైకి కనిపిస్తే భయం లేదు. కొంత మునిగితే పాకెట్ ఏర్పడినట్టు. పూర్తిగా మునిగిపోతే లోతు 5.5 మిల్లీమీటర్లు దాటినట్టే. కడ్డీ తీసిన కొద్ది సెకన్లలో అక్కడ నెత్తురు చుక్క పొడుచుకొస్తే లోపల మంట రగులుతున్నట్టు లెక్క. పూర్తి పరీక్షలో ఒక్కో పంటికి ఆరు చోట్ల ఇలా కొలుస్తారు. చుట్ట, సిగరెట్టు తాగేవాళ్లకు నెత్తురు తక్కువగా వస్తుంది. వాళ్ల చిగుళ్లు పైకి బాగున్నట్టే కనిపిస్తూ లోపల ఎముక కరిగిపోతుంటుంది.

అమెరికాలోని బెథెస్డాలో పాల్ కీస్ అనే పరిశోధకుడు కత్తిని కాదని ఇంకో దారి పట్టాడు. చిగుళ్ల జబ్బు ఒక చిట్టెలుక నుంచి మరోదానికి అంటుకుంటుందని 1964లో చూపినవారిలో ఆయన ఒకడు. అంటుజబ్బయితే మైక్రోస్కోపులో చూసి, క్రిములను చంపి నయం చేయాలి కదా అన్నది ఆయన వాదన. 1970ల చివర్లో ఆయన పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. పాకెట్ అడుగు నుంచి తీసిన పాచిని స్లైడ్ మీద పెట్టి ఫేజ్ కాంట్రాస్ట్ మైక్రోస్కోపులో రోగికే చూపించేవాళ్లు. స్ప్రింగుల్లా మెలికలు తిరిగే స్పైరోకీట్లు, చకచకా దూసుకుపోయే కడ్డీ బాక్టీరియా, వాటి మధ్య గుంపులుగా తెల్ల రక్తకణాలు. ఆ తర్వాత గార తీసి, ఇంట్లో వంటసోడా, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపిన ముద్దతో తోముకోమని, ఉప్పునీళ్లు వాడమని చెప్పేవాళ్లు. అవసరమైతే టెట్రాసైక్లిన్ ఇచ్చేవాళ్లు. కోత లేకుండా పళ్లు దక్కుతాయంటే జనం ఎగబడ్డారు. శస్త్రచికిత్సే దిక్కన్న నిపుణులు తీవ్రంగా తప్పుబట్టారు.

మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు దీన్ని పరీక్షకు పెట్టారు. రోగులను రెండు గుంపులు చేసి, అందరికీ గార తీసి, ఒక గుంపుకు ఉప్పు, సోడా, పెరాక్సైడ్, మరో గుంపుకు మామూలు బ్రష్, పేస్టు ఇచ్చి నాలుగేళ్లు చూశారు. రెండు గుంపులకూ ఒకేలా మేలు జరిగింది. ముద్దలో ప్రత్యేక మహిమ లేదని తేలింది. ఏ పాకెట్ రేపు ముదురుతుందో మైక్రోస్కోపు కూడా కచ్చితంగా చెప్పలేకపోయింది. అయినా కీస్‌ను నేను తీసిపారేయను. తన నోట్లో కదిలేదాన్ని కళ్లారా చూసిన రోగి శ్రద్ధగా తోముకుంటాడని ఆయన గ్రహించాడు. కోతకు ముందు వేరే దారి వెతకాలని పట్టుబట్టాడు. ఆ పట్టుదల సరైనదేనని స్వీడన్‌లోని మాల్మోలో ఎగెల్‌బర్గ్ బృందం నిరూపించింది. 1981, 1984లో అచ్చయిన వాళ్ల అధ్యయనాల్లో 12 మిల్లీమీటర్ల దాకా లోతున్న పాకెట్లు కూడా, వెనకాల పెద్ద దవడ పళ్లు కాక మిగతా పళ్లలో, గార తీయడంతోనే చాలావరకు మానాయి. చేతి పనిముట్లతో తీసినా, 1950ల్లో వచ్చిన అల్ట్రాసోనిక్ యంత్రంతో తీసినా తేడా కనిపించలేదు.

మందుల విషయంలో ఒక మంచి మలుపు అనుకోకుండా వచ్చింది. ట్రైకోమొనాస్ ఇన్‌ఫెక్షన్‌కు మెట్రోనిడజోల్ వాడిన ఒక మహిళకు చిగుళ్ల పుండ్లు కూడా మానిపోయాయని 1962లో షిన్ అనే ఆయన రాశాడు. అలా ఆ మందు దంతవైద్యంలోకి వచ్చింది. 1998లో బోస్టన్‌లోని ఫోర్సిత్ సంస్థలో సాక్రాన్‌స్కీ, హఫాజీ ప్రమాదకరమైన మూడు క్రిముల గుంపును గుర్తించారు. అయినా ఒక్క మందుబిళ్లతో జబ్బు లొంగలేదు, కారణం లేవెన్‌హుక్ వెనిగర్ దగ్గర చూసిందే. పాచి ఒకదానికొకటి అతుక్కున్న క్రిముల గట్టి పొర. దాన్ని ముందు చేత్తో చెదరగొట్టకపోతే మందు లోపలికి పోదు.

పళ్లు క్లీనింగ్ చేయిస్తే వదులైపోతాయన్న భయం మన ఊళ్లలో ఇంకా గట్టిగానే ఉంది. ఎముక అప్పటికే కరిగిపోయిన చోట, గార గట్టిగా పట్టుకుని ఉండటం వల్ల పళ్లు కదలనట్టు అనిపిస్తాయి. గార పోగానే అసలు సంగతి బయటపడుతుంది, వాపు తగ్గి చిగురు కిందికి దిగితే సందులూ కనిపిస్తాయి. కొన్ని రోజులు చల్లనీళ్లు తగిలితే జివ్వుమంటుంది. ఇవన్నీ ముందే చెప్పే డాక్టరు ఉంటే సగం భయం పోతుంది. షుగర్ ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. చిగుళ్ల జబ్బు మధుమేహానికి ఆరో ఉపద్రవమని 1993లో హరాల్డ్ లో రాశాడు. చిగుళ్లకు వైద్యం జరిగితే షుగర్ కూడా కొంత అదుపులోకి వస్తుందని తర్వాతి పరిశోధనలు చూపాయి.

కత్తికి ఇప్పటికీ చోటుంది. 6 మిల్లీమీటర్లు దాటిన పాకెట్లలో ఏడాది తర్వాత చూస్తే శస్త్రచికిత్స లోతును సగటున 0.6 మిల్లీమీటర్లు అదనంగా తగ్గించిందని 2002 నాటి సమీక్ష తేల్చింది. 4 నుంచి 6 మిల్లీమీటర్ల పాకెట్లలో మాత్రం, పంటిని పట్టి ఉంచే పట్టు గార తీసినవారిలోనే మెరుగ్గా ఉంది. 2020లో యూరోపియన్ నిపుణులు ఇచ్చిన మార్గదర్శకాల క్రమం కూడా ఇదే. ముందు ఇంటి శుభ్రత, పొగాకు మానడం, షుగర్ అదుపు. తర్వాత చిగురు కింద గార తీయడం. కొన్ని వారాలాగి మళ్లీ కొలవడం. 4, 5 మిల్లీమీటర్ల దగ్గర నిలిచిన పాకెట్లను మళ్లీ గీకడం, 6, అంతకుమించి లోతుండి మొండికేసిన వాటికే కోత గురించి ఆలోచించడం. ఆ తర్వాత మనిషిని బట్టి మూడు నెలల నుంచి ఏడాదికోసారి, జీవితాంతం, ప్రోబ్‌తో కొలిపించుకుంటూ ఉండటం.