అత్త, సాసు: ఒక బంధుత్వానికి రెండు మాటలు



మా హాస్టల్లో పిల్లలను ఇంటికి పంపేటప్పుడు రిజిస్టర్ రాస్తాం. తీసుకెళ్లేవారి పేరు, ఊరు, పిల్లతో సంబంధం, సంతకం. సంబంధం గడిలో తరచుగా కనిపించే మాట ‘అత్త’. ఏళ్లుగా ఆ మాట చూసి పంపేదాన్ని. ఒకసారి పదో తరగతి అమ్మాయి కోసం ఒకామె వచ్చి ‘అత్త’ అని రాయించింది. పిల్ల ముఖం వాడిపోయి ఉంది. పక్కకు పిలిచి మన గోర్‌బోలిలో అడిగాను, ఎవరని. తల దించుకొని ‘సాసు’ అన్నది.

తెలుగు మాటలో దాగినది గోర్‌బోలి మాటలో బయటపడింది. ఎందుకలా? దానికి పెద్ద చరిత్ర ఉంది.

తెలుగులో నాన్న అక్కచెల్లెళ్లూ అత్తలే, మేనమామ భార్యా అత్తే, పెళ్లయ్యాక భర్త తల్లి, భార్య తల్లి కూడా అత్తే. దీనికి మూలం మేనరికం. మేనత్త పిల్లలు, మేనమామ పిల్లలు పెళ్లికి వరసైనవారు. అందుకే ఆ ఇంటి తల్లి పుట్టుకతోనే అత్త. కన్నడంలో అత్తె, తమిళంలో అత్తై కూడా ఇలాగే మేనత్తకూ, పెళ్లితో వచ్చిన అత్తకూ చెల్లుతాయి. 1871లో అమెరికా పండితుడు లూయిస్ హెన్రీ మోర్గన్ ప్రపంచ జాతుల బంధుత్వ పదాలతో ఒక గ్రంథం అచ్చువేసినప్పుడు తమిళ, తెలుగు, కన్నడ వరసలను కూడా అందులో చేర్చాడు. నల్లమల చెంచులలోనూ మేనరికం ఉంది. వారి మీద హైమెన్‌డార్ఫ్ రాసిన పుస్తకం 1943లో వచ్చింది.

మన ‘సాసు’ దారి వేరు. గుజరాతీ, మరాఠీలలో సాసూ, హిందీ, ఉర్దూలలో సాస్ దాని తోబుట్టువులు. అన్నిటికీ మూలం సంస్కృతంలోని శ్వశ్రూ. హిందీలో మేనత్తను బువా, ఫూఫీ అంటారు, సాస్ అనరు. అంటే పెళ్లి మాట వచ్చేదాకా ఎవరూ సాసు కారు. మన పెద్దలు ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోసుకుంటూ, మొగలు సైన్యాలకు తిండిగింజలు అందిస్తూ దక్కనుకు వచ్చారు. రైళ్లు, బండ్ల బాటలు వచ్చాక ఆ వ్యాపారం సన్నగిల్లింది, తండాలు స్థిరపడ్డాయి. ఎద్దులు పోయినా వాటితో వచ్చిన మాట మిగిలింది.

కర్ణాటక సరిహద్దున ఉన్న మన నారాయణపేట 2019 ఫిబ్రవరి 17న జిల్లా అయింది. ఇక్కడి బజారులో నిలబడితే అత్త, అత్తె, సాస్, సాసు నాలుగూ వినిపిస్తాయి. బడిలో మనం తెలుగు రాస్తాం, ఇంట్లో గోర్‌బోలి మాట్లాడతాం. రెండూ మనవే. కానీ రిజిస్టర్‌లో, ఫారంలో సాసు కూడా అత్తే అవుతుంది. ఆ మార్పులో ఏం పోతుందో ఆ రోజు నాకు తెలిసింది.

ఆ రోజు పిల్లను పంపలేదు. వచ్చినామెను కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి మాట్లాడాను. ఆమెకూ చిన్నప్పుడే పెళ్లి చేశారట, బడి మొహం చూడలేదట. అత్తా ఒకింటి కోడలే అని ఊరికే అనలేదు. తల్లిదండ్రులను పిలిపించాను. 2006 బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం ఆడపిల్లకు 18 ఏళ్లు నిండాలి, ఆచారం పేరుతో ఎవరికీ మినహాయింపు లేదని చెప్పాను. వాయిదా వేయడానికి ఒప్పుకోవడానికి మూడు వారాలు పట్టింది. పిల్ల పరీక్షలు రాసింది.

అప్పటి నుంచి ‘అత్త’ అని రాస్తే ఒక ప్రశ్న అడుగుతున్నాను: నాన్న చెల్లెలా, మామ భార్యనా, సాసువా?

మీరు కూడా ఒక పని చేయండి. ఈ సెలవుల్లో నానమ్మ, అమ్మమ్మ దగ్గర కూర్చొని బంధుత్వాల మాటలన్నీ గోర్‌బోలిలో అడిగి, తెలుగు లిపిలో నోటుబుక్కులో రాసుకోండి. వారు పోయాక అడగడానికి ఎవరూ ఉండరు. ఇంకొకటి, వరస కలిసిందని చదువు మధ్యలో పెళ్లి మాట వస్తే, మీకు ఏ మాట సులువుగా వస్తే ఆ మాటలోనే మాకు చెప్పండి.