ఒక రక్తబిందువు సాక్ష్యము

శస్త్రచికిత్స సాగుచుండగా రోగికి రక్తమెక్కింపవలెనా, వలదా? సమాధానము చాలవరకు ఒక్క చుక్కలోని హిమోగ్లోబిన్ కొలతపై ఆధారపడును. ఆ కొలత ఎంత నమ్మదగినదో విచారింతము.

1878లో ఆంగ్లదేశమున గవర్స్ వైద్యుడు పలుచన చేసిన రక్తపు రంగును ఒక ప్రమాణపు రంగుతో పోల్చు సాధనమును రూపొందించెను. 1902లో స్విట్జర్లండు వైద్యుడు సాహ్లీ రక్తమునకు ఆమ్లము చేర్చి, గోధుమవన్నెకు మార్చి, ఒక ప్రమాణపు రంగుతో పోల్చెను. మన ఆస్పత్రులలోను ఈ పద్ధతి చిరకాలము నడచినది. అయితే రెండింటను తీర్పు కంటిదే. కంటికిని కంటికిని భేదము కలదు.

1935లో డ్రాబ్కిన్, ఆస్టిన్‌లు ప్రకటించిన ద్రావణముతో కంటి స్థానమున కాంతిమాపకము నిలిచినది. 1960ల దశకమున ఆ మార్గమే అంతర్జాతీయ ప్రమాణమైనది. కాని ప్రయోగశాల ఫలితము వచ్చులోపల బల్లపైనున్న రోగి స్థితి మారిపోవచ్చును.

అందుచే పడకచెంత యంత్రములు వచ్చినవి. ఎర్రకణములు విద్యుత్తును అడ్డగించును గనుక, వానిలో కొన్ని విద్యుత్ప్రసారమును బట్టి లెక్క కట్టును. పోయిన రక్తమునకు బదులు సెలైను విస్తారముగా ఎక్కించినపుడు ప్లాస్మాలోని ప్రోటీనులు పలుచబడును. అట్టియెడ ఈ యంత్రము ఉన్నదానికంటె తక్కువ చూపును. నిలకడగానున్న రోగులలో పెక్కుమందికి నేడు డెసిలీటరుకు 7 గ్రాములు సరిహద్దు. అచ్చట ఒక్క గ్రాము పొరపాటు అక్కరలేని రక్తమును ఎక్కింపజేయును; కావలసిన రక్తమును ఆపనూవచ్చును.

కావున ఆ అంకెను నాడితో, రక్తపుపోటుతో, పోయిన రక్తపు పరిమాణముతో సరిచూచుట వైద్యునికి నేటికిని తప్పని పనియని మేము తలంచెదము.