కార్తీకదీపము కథ



నాగార్జునసాగరము దారిలోని హాలియాలో మా మేనత్తగారి యింట రాత్రి ఏడున్నర గంటలకు వంటపని నిలిచిపోయెడిది. 2017 అక్టోబరు 16వ తేదీన స్టార్ మా టెలివిజనులో ప్రారంభమైన ‘కార్తీకదీపం’ ధారావాహికయే దానికి కారణము. మలయాళమునందలి ‘కరుత్తముత్తు’ దీనికి మూలము. నాయిక ప్రేమి విశ్వనాథ్ అందును నాయిక పాత్రను ధరించియుండెను.

దీని యాకర్షణ మేమి? మేనిరంగుచే నవమానింపబడిన దీప, భర్త యనుమానమునకు గుఱియై యిల్లు వెడలి, వంట చేసి బిడ్డను పోషించుకొనెను. జనులామెను వంటలక్క యనిరి. మా మేనత్తయు నల్లనిది. పెండ్లిచూపులలో తాను విన్న మాటల నామె యెన్నడును మఱువలేదు. భర్త యగు డాక్టరు కార్తీక్ తన తప్పు నెప్పుడు తెలిసికొనునా యని యేండ్ల తరబడి యెదురుచూచెను.

ఆ నిరీక్షణమే కథకు మూలధనము. నిజము బయటపడిన పిదప కథ సాగుటకు క్రొత్త చిక్కులు కావలసివచ్చెను. 2022 మార్చిలో నాయికానాయకులు ప్రమాదమున మరణించినట్లు చూపి, వారి బిడ్డలను పెద్దవారిని చేసిరి. ప్రేక్షకులు తగ్గిరి. కొలది నెలలకే మరణించినవారు బ్రతికివచ్చిరి. మా మేనత్త మాత్రము మరల చూడలేదు. “సచ్చినోళ్లు తిరిగొస్తే, నేనేడ్చిన ఏడుపంత ఏమాయె?” అనెను.

1,500 భాగములు దాటిన యా కథ 2023 జనవరిలో ముగిసినది. 2024లో అదే జంటతో వేఱొక కథ యారంభమైనది. మా సీమలోని ఒగ్గుకథకుడు మంగళము పాడవలసిన వేళ నెఱిగినవాడు. వేళకు ముగించుటయు శ్రోతలయెడల నొక మర్యాదయే. నాకును వేళయైనది. సెలవు.